.30-30 వించెస్టర్

.30-30 వించెస్టర్ (థర్టీ-థర్టీ) అమెరికాలో అడవి వేటకు పేరొందిన రైఫిల్ తూటా. వించెస్టర్ కంపెనీ తన 1894 నమూనా లీవర్ రైఫిల్ కొరకు దీనిని 1895లో విడుదల చేసింది. పేరులోని మొదటి సంఖ్య గొట్టపు వ్యాసాన్ని (0.30 అంగుళం), రెండవది తొలినాళ్ళలో నింపిన పొగరాని మందు బరువును (30 గ్రెయిన్లు) సూచిస్తాయి.

అనుకూలత

దట్టమైన అడవిలో తెల్లతోక జింక సాధారణంగా 100 మీటర్ల లోపే, కొద్ది క్షణాలు మాత్రమే కనిపిస్తుంది. అందుచేత పొట్టిగా, తేలికగా ఉండి త్వరగా గురిపెట్టగల తుపాకి ముఖ్యం. ఈ దూరంలో 170 గ్రెయిన్ల (11 గ్రాముల) గుండు జింకకు చాలును.

అపోహ

బరువైన, నెమ్మదైన గుండు పొదలను చీల్చుకొని సూటిగా పోతుందని ఒక నమ్మకం ఉంది. నిజానికి కొమ్మ తగిలితే ఏ గుండైనా దారి తప్పగలదు. జంతువు గాయంతో తప్పించుకొని బాధపడుతుంది. కనుక అడ్డులేని సందు దొరికే వరకు ఆగడమే సరియైన పద్ధతి.