కర్తృస్వాతంత్ర్యము - కొల్లేటి నిదర్శనము

పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించెను. ఆ స్వాతంత్ర్యము నిరపేక్షము కాదు. కర్మ కరణాధికరణాదుల తోడ్పాటు లేక క్రియ సిద్ధింపదు. ఈ మర్యాదను మఱచి, కర్త తన ప్రయోజనము నెఱిఁగినచోఁ బని సఫలమగునను తలంపు లోకమున బలపడినది. అమెరికా పండితుఁడు హెర్బర్టు సైమను 1955లో దీనిని బ్రశ్నించి, మనుష్యుని బుద్ధి పరిమితమనియు, నతఁడు సర్వోత్తమము నరయలేక చాలునన్నదానితోఁ దృప్తినొందుననియుఁ జెప్పెను. ఇందులకుఁ గొల్లేరు చక్కని నిదర్శనము.

దెందులూరి దక్షిణపుఁ బల్లములు కొల్లేటివైపునకు వాలును. గోదావరీ కృష్ణా డెల్టాల నడిమి యీ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి నీరు తెచ్చును. సముద్రమునకుఁ బోవు త్రోవ యుప్పుటేరొక్కటియే. కావున సరస్సు విరివిగాఁ బరచుకొని, వరదను నిలిపి, మెల్లగా విడుచును. 1970ల నుండి యిందుఁ జేఁపల చెఱువులు పెరిఁగెను. ముంపునఁ బంట పోఁగొట్టుకొను రైతునకుఁ జెఱువు యుక్తమైన యుపాయమే. గట్టు నెత్తుచేయుటయు యుక్తమే. కాని యొకని గట్టు త్రోసిన నీరు పొరుగువానిపైఁ బడును. వాఁడును దన గట్టు నెత్తును. ప్రతివాని యుక్తియు నిర్దుష్టమే. సముదాయఫలము మాత్రము నీటికిఁ జోటు లేకపోవుట.

భర్తృహరి మతమున వాక్యార్థ మఖండము. పదములను విడఁదీయుట వ్యుత్పాదనార్థమే. సరస్సు నట్లే గట్లుగా, మడులుగా విడఁదీసి లెక్కించిన లెక్క సరస్సును దెలుపఁజాలదు.

1999లో సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తుగల రేఖవఱకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యెను. 2002లో రాంసర్ పట్టికలోఁ జేరెను. 2006లోఁ బ్రభుత్వ మందలి చెఱువుల గట్లను గూల్పించెను. నీటికిఁ గొంత చోటు దొరకెను గాని, చెఱువులపై బ్రదుకువారి జీవనము తెగెను; పిదపఁ గొన్నియెడలఁ జెఱువులు మరల వెలసెను. వరద శీఘ్రముగాఁ బోవలెనని యుప్పుటేటిని లోఁతు చేసినచో, వేసవియందు సముద్రపు నీరు సులభముగాఁ బైకెక్కును. మందే మఱియొక రోగమగును.

అట్లయిన నేమియుఁ జేయరాదా యనిన, నట్లు కాదు. శాస్త్రమున నుత్సర్గమును విధించి యపవాదమునకుఁ దావిత్తురు. నిర్ణయమును నట్లే యుండవలెను: మొదట గొంత చేసి, యొక వానకాల మొక వేసవి ఫలము చూచి, తప్పైనచో దిద్దుకొను వీలుంచుకొనవలెను. నిర్ణయమువలన నష్టపడువారి నాలోచనలో ముందే చేర్చుకొనవలెను. ఆ పని 2006కు ముందు జరుగవలసినది. నేఁటికిని జేయవలసినదిగానే యున్నది.