బ్యాటరీ కూసున్నదా, పోయిందా?

మన గోడపత్రికలో కారు బ్యాటరీ ముచ్చట ఏంటని మేడమ్ కూడా అడిగారు. దీని మొదలే రెండు తెలుగు క్రియల దగ్గర ఉందని చెప్పాను. నేను పుట్టి పెరిగిన బొంబాయి కామాటిపుర గల్లీల్లో టాక్సీ నడిపే మనవాళ్లు పొద్దున బండి స్టార్ట్ కాకపోతే "బ్యాటరీ కూసున్నది" అంటారు. అక్కడి మెకానిక్కుల హిందీ మాట ‘బైఠ్ గయీ’ని మనవాళ్లు అట్లనే తెలుగు చేసుకున్నారు. ఇంకో మాట "బ్యాటరీ పోయింది". కూసున్నదాన్ని లేపొచ్చు, పోయినదాన్ని లేపలేం. ఈ రెండు మాటల నడుమ తేడా మా ఇంట్లో నాలుగు వేల రూపాయలకు పైమాటే.

కామాటిపుర అనగానే సినిమాలు చూసినవాళ్ల ముఖాలు ఒక తీరుగా మారతాయి. ఆ పేరు మాత్రం కూలి మనుషులది. నిజాం ఇలాకా నుంచి పోయి బొంబాయిలో ఇండ్లు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అనేవారు, వాళ్లున్న చోటు కామాటిపుర అయింది. ఇప్పటికీ నంబర్లున్న ఆ గల్లీల్లో, చాళ్లలో తెలుగు కుటుంబాలున్నాయి. మా బాపు నల్ల పసుపు టాక్సీ నడుపుతాడు. పేరుమోసిన ప్రీమియర్ పద్మిని కాదు, సీఎన్‌జీ మీద నడిచే చిన్న కారు. (పద్మిని టాక్సీల కాలం 2023 అక్టోబర్ 30తో ముగిసింది.) సీఎన్‌జీ అయినా, పెట్రోల్ అయినా ఇంజిన్‌ను మొదట తిప్పాల్సింది బ్యాటరీయే.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడ్డది. బాపు టాక్సీ రెండు నెలలకు పైగా గల్లీలో పెట్టినచోటే ఉన్నది. మళ్లీ తాళంచెవి తిప్పితే "టిక్" అన్న చప్పుడొక్కటే. మా గల్లీలో ఒక్కటి కాదు, వరసగా నిలబడ్డ బండ్లన్నీ అంతే. ఆ మధ్య తెరిచిన ఒక బ్యాటరీ దుకాణం ఆయన చూసీ చూడకముందే "పోయింది, కొత్తది వేసుకో" అన్నాడట. రెండు నెలలు సంపాదన లేని ఇంట్లో ఆ మాట ఎట్ల వినపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పోయిందో కూసున్నదో తేల్చడం నేను నేర్చుకున్నది అప్పుడే.

ముందు లోపల ఏముందో చూద్దాం. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి, వాటినే సెల్లులంటారు. ఒక్కో సెల్లులో సీసం పలకలు, సీసం డయాక్సైడ్ పలకలు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం. ఒక్కో సెల్లు 2.1 వోల్టులు ఇస్తుంది, ఆరూ కలిస్తే 12.6. ఈ పద్ధతిని గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1859లోనే కనిపెట్టాడు. కరెంటు వాడుకుంటున్న కొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు పోయి రెండు రకాల పలకల మీదా సీసం సల్ఫేటుగా పేరుకుంటుంది, ఆమ్లం పలచబడుతూ నీళ్లకు దగ్గరవుతుంది. చార్జింగ్ పెడితే ఆ సల్ఫేటు తిరిగి ఆమ్లంలోకి వస్తుంది.

చిక్కంతా ఆలస్యంలో ఉంది. కొత్తగా పట్టిన సల్ఫేటు మెత్తటి పొడిలా ఉండి తేలిగ్గా కరుగుతుంది. ఖాళీ బ్యాటరీని వారాల తరబడి అట్లనే వదిలేస్తే అది పాకం పటికబెల్లం అయినట్టు పెద్ద పలుకులుగా గట్టిపడుతుంది, కరెంటును లోపలికి రానివ్వదు. బండి ఊరికే నిలబడి ఉన్నా గడియారం, టాక్సీ మీటరు, అలారం కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. అది కాక, వేడి పెరిగిన కొద్దీ బ్యాటరీ తనంతట తనే ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. బొంబాయి ఏప్రిల్, మే ఎండల సంగతి తెలిసిందే కదా.

కూసున్నదో పోయిందో చెప్పేది మల్టీమీటర్. దుకాణం ఆయన అనుభవం కంటే నేను దాన్నే నమ్ముతాను. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక చూడాలి, వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. 11.8 కిందకు పోతే ఖాళీ అన్నట్టే. బాపు బ్యాటరీ 11.3 చూపింది. అంటే ఖాళీ, అంతే. ఖాళీ అయినంత మాత్రాన చచ్చినట్టు కాదు. కొన్ని బ్యాటరీల మీద చిన్న గాజు కన్ను ఉంటుంది, పచ్చగా ఉంటే బాగున్నట్టని రాసి ఉంటుంది. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాని సంగతే చెబుతుంది. మిగతా ఐదింటికి అది పూచీ కాదు.

పక్క గల్లీలో ఉండే ఒక పెద్దనాయన దగ్గర పాతకాలపు ఇనుప డబ్బా చార్జర్ ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్, ముల్లు ఊగే ఆంపియర్ మీటర్, అంతే. చాళ్లో కష్టం ఏమిటంటే బండి కింద రోడ్డు మీద, కరెంటు ప్లగ్గు పైన రెండో అంతస్తులో. అందుకని బ్యాటరీని విప్పి మోసుకురావాలి. పది కిలోల అటూ ఇటూ బరువు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్. కారు ఒళ్లంతా నెగటివ్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, నెగటివ్ తీయకుండా పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ ఎక్కడన్నా ఇనుముకు తగిలి పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. మనలాంటివాళ్లు లోహపు గాజులు, ఉంగరాలు తీసి మరీ చేయి పెట్టాలి. రెండు మొనలకూ గాజు అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

బ్యాటరీని ఇంట్లో పెట్టలేదు, గ్యాలరీ చివర గాలి ఆడే చోట పెట్టాం. మాది ఒక్క గది. అందులోనే స్టవ్, అందులోనే పడకలు. చార్జింగ్ చివరికి వచ్చేసరికి బ్యాటరీలోని నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క రవ్వకు పేలుతుంది. పేలిందంటే ఆమ్లం ముఖాన పడుతుంది. అందుకే ముందు క్లిప్పులు పెట్టి ఆ తర్వాతే ప్లగ్గు వేయాలి, తీసేటప్పుడు ముందు ప్లగ్గు ఆపాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పక్కన వంటసోడా కలిపిన నీళ్లు ఉంచితే ఒలికిన ఆమ్లాన్ని విరగ్గొట్టొచ్చు. ఒంటి మీద పడితే మాత్రం సోడా కోసం వెతకొద్దు, మామూలు నీళ్లతో చాలాసేపు కడగాలి. మా నాయనమ్మ ఆ పుల్లటి వాసనకు రోజంతా గొణుగుతూనే ఉన్నది, కానీ పిల్లలను అటువైపు పోనివ్వకుండా కాపలా కాసింది కూడా ఆమెనే.

మూతలున్న బ్యాటరీ అయితే పలకలు మునిగాయో లేదో చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లు వద్దు, ఆమ్లం అసలే వద్దు. ఎప్సమ్ సాల్ట్ వేస్తే లేస్తుందని, ఇంకేదో బిళ్ల వేస్తే లేస్తుందని గల్లీకో వైద్యం చెబుతారు. వాటితో పాడైన సెల్లు బాగుపడదు.

ఇక ఎంతసేపు పెట్టాలి? చిన్న కార్లకు మామూలుగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. అందులో పదో వంతు, అంటే మూడు, మూడున్నర ఆంపియర్ల కరెంటు దానికి హాయి. మూడు ఆంపియర్లతో 35 నింపడానికి పన్నెండు గంటలు, మధ్యలో వృథా అయ్యేది కలుపుకుంటే పద్నాలుగు. గంటలో నింపుతామనే చోట్ల ఎక్కువ కరెంటు తోస్తారు. బ్యాటరీ వేడెక్కి పలకలు వంకరపోతాయి. పక్క బండి నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేసి, అరగంట తిప్పితే నిండిపోతుందని అనుకోవడం కూడా భ్రమే. బండిలోని ఆల్టర్నేటర్ మంచి బ్యాటరీని నిండుగా ఉంచడానికే గానీ ఎండిపోయినదాన్ని బతికించడానికి కాదు. బొంబాయి ట్రాఫిక్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు.

ఆ ఇనుప డబ్బాకు తనంతట తాను ఆగడం తెలియదు. బాపు, నేను గంటకోసారి చేత్తో వేడి చూసి, మీటరు పెట్టి, 14.4 వోల్టులు దాటకుండా కాపలా కాశాం. తర్వాత రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే 12.5. బండిలో పెట్టి తాళం తిప్పినప్పుడు కూడా మీటరు చూడాలి, ఇంజిన్ తిరిగేటప్పుడు 9.6 కిందకు పడితే బ్యాటరీలో బలం లేనట్టు. బాపుది పడలేదు. ఆ బ్యాటరీ ఇంకో ఏడాదిన్నర నడిచింది. మా ఎదురింటి కాక బ్యాటరీని అట్లనే పద్నాలుగు గంటలు పెట్టాం, తెల్లారి 10.5 చూపింది. 12.6లో నుంచి 2.1 తీసేయండి, 10.5. ఒక సెల్లు మొత్తం పోయింది. దాన్ని ఏ చార్జరూ లేపలేదు, ఆ కాక కొత్తది కొనక తప్పలేదు.

తర్వాత బాపు, ఇంకో ఇద్దరు డ్రైవర్లు తలా కొంత వేసుకుని సొంతంగా ఒక చార్జర్ కొన్నారు. లామింగ్టన్ రోడ్డు మాకు నడిచిపోయేంత దూరం, ఎలక్ట్రానిక్స్ సామానంతా అక్కడే. బాపుకు డబ్బా మీది ఇంగ్లీషు చదివి చెప్పే పని నాది. దుకాణాల్లో పెద్ద అంకెలు చూపించి అమ్ముతారు, పది ఆంపియర్లు, ఇరవై ఆంపియర్లు అని. మాకు కావలసింది మూడో నాలుగో. నేను అన్నిటికంటే ముందు వెతికింది నిండగానే తగ్గిపోయే గుణం. మంచి చార్జర్ 14.4 దాకా నింపి, ఆ తర్వాత 13.5 దగ్గరికి దిగి ఊరికే పట్టుకుని ఉంటుంది. అప్పుడు రాత్రి కాపలా ఉండక్కర్లేదు. క్లిప్పులు తారుమారుగా పెడితే పనిచేయకుండా ఆగిపోవాలి. అలసిపోయి వచ్చిన మనిషి చీకట్లో పెట్టే వస్తువు అది. మామూలు బ్యాటరీకీ, ఏజీఎమ్ రకానికీ వేరువేరు మీటలుంటే మేలు. లిథియం బ్యాటరీల చార్జర్ దీనికి పనికిరాదు. బిల్లు, వారంటీ లేకుండా తేవొద్దు.

అక్కడొక తమాషా. దుకాణంలో క్లిప్పుల మధ్య మల్టీమీటర్ పెడితే సున్నా చూపింది. బాపు "ఇది ఖరాబున్నది" అని వాపసు ఇవ్వబోయాడు. తెలివైన చార్జర్ ఎదురుగా బ్యాటరీ ఉన్నదని పసిగడితే గానీ కరెంటు వదలదు, అందుకే సున్నా. ఇదే గుణం ఒక్కోసారి అడ్డం కూడా వస్తుంది. బ్యాటరీ మరీ అడుగంటితే, ఇక్కడ బ్యాటరీయే లేదనుకుని చార్జర్ మొదలుకాదు. అందుకని కొనేటప్పుడు ఎన్ని వోల్టుల నుంచి పట్టుకుంటుందో డబ్బా మీద చూడాలి, ఆ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. "రిపేర్" అనే మీట ఉంటే గట్టిపడ్డ సల్ఫేటును కొంత కదిలించవచ్చు, అయితే అప్పుడు వోల్టేజీ బాగా పెరుగుతుంది, బ్యాటరీని బండి నుంచి విప్పాకే అది వాడాలి.

నిజంగా పోయిన బ్యాటరీని మూలన పడేయొద్దు, పాతసామాను వాళ్లకూ ఇవ్వొద్దు. గల్లీల్లో పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, ఆ మట్టి పిల్లల ఒంట్లోకి పోతుంది. 2022లో వచ్చిన నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వాపసు తీసుకునే బాధ్యత తయారీదార్లది. కొత్తది కొనేచోట పాతదిస్తే ధర కూడా తగ్గిస్తారు.

దసరాకు ఊరికి వచ్చేటప్పుడు మా గల్లీ డ్రైవర్లు ఇప్పుడు ఒక పని చేస్తున్నారు. బ్యాటరీని నిండా చార్జ్ చేసి, నెగటివ్ వైరు విప్పి, మొనకు గుడ్డ చుట్టి వస్తున్నారు. దానికి పది నంబర్ స్పానర్, రెండు నిమిషాల టైమ్ చాలు.