పుర్రె తెరిస్తే జరిగే మెదడు
ఆపరేషన్ గదికి దారి చూపే సూపర్ కంప్యూటర్

పొలం కొలిపించి, రాళ్లు పాతించి, పటం గీయించుకుంటాం. తెల్లారేసరికి గట్లు జరిగిపోతే ఆ పటం దేనికి పనికొస్తుంది? మెదడులో గడ్డను తొలగించే డాక్టర్లకు సరిగ్గా ఇదే చిక్కు.

మనిషి మెదడు ఇంచుమించు 1,400 గ్రాములు ఉంటుంది. జున్నులా మెత్తన. పుర్రె లోపల నీటివంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ఎం.ఆర్.ఐ. యంత్రంతో ఫొటోలు తీస్తారు. గడ్డ ఎక్కడున్నదీ, మాటను, కాళ్లూచేతులను నడిపే భాగాలు దానికెంత దూరంలో ఉన్నదీ చూసుకుంటారు. తీరా పుర్రె తెరిచాక ద్రవం కొంత కారిపోయి మెదడు కుంగుతుంది. గడ్డను తీసేకొద్దీ ఇంకా జరుగుతుంది. ఒక్కోసారి సెంటీమీటరు దాకా జరగవచ్చు. గడ్డ మిగిలితే మళ్లీ పెరగవచ్చు. ఎక్కువ కోస్తే మాటో, కాలో, చెయ్యో పడిపోవచ్చు.

బోస్టన్‌లో ప్రయత్నం

అమెరికాలోని బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రివారు 1990 దశకం నడుమ ఎం.ఆర్.ఐ. యంత్రాన్నే ఆపరేషన్ గదిలో పెట్టారు. కోత మధ్యలోనే కొత్త ఫొటోలు తీయసాగారు. అయితే అవి ముందు తీసినవాటంత స్పష్టంగా రాలేదు. అందుచేత పాత పటాన్నే కొత్త ఫొటోకు తగ్గట్టు సరిదిద్దాలి. మెదడును వేలాది చిన్న ముక్కలుగా భావించి, ఏ ముక్క ఎటు, ఎంత జరిగిందో లెక్క కట్టాలి. ఒక్క మామూలు కంప్యూటర్‌తో అది త్వరగా తెమలదు. రోగి బల్లమీద ఉండగా డాక్టరు అంతసేపు ఆగలేడు.

నాట్ల రోజున పదిమంది ఒక్కసారే మడిలో దిగితే పని ఎలా తెములుతుందో, ఇక్కడా అంతే. ఒకే లెక్కను ఎన్నో ప్రాసెసర్లు పంచుకుని ఒకేసారి చేస్తాయి. 2000లో డల్లాస్‌లో జరిగిన సూపర్ కంప్యూటింగ్ సదస్సులో సైమన్ వార్‌ఫీల్డ్ బృందం, మెదడు జరిగిన తీరును ఆపరేషన్ సాగుతుండగానే లెక్కకట్టే పద్ధతిని వివరించింది.

ఎంత యంత్రమున్నా కత్తి పట్టేది డాక్టరే. రోగి వేళకు ఆసుపత్రికి చేరితేనే ఈ విద్య అక్కరకొస్తుంది. పెద్దవాళ్లకు కొత్తగా మూర్ఛ వచ్చినా, తలనొప్పి రోజురోజుకూ ముదిరి వాంతులైనా గడ్డ ఉందేమో చూపించుకోవాలి. అన్ని మూర్ఛలూ గడ్డవల్ల రావు. కానీ చేతిలో తాళాల గుత్తి పెట్టినా, తాయెత్తు కట్టినా లోపలి గడ్డ కరగదు.