నల్లరాతి గోడ మీద పేర్లు

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే వాషింగ్టన్ చూపించడం మనందరికీ అలవాటే. వైట్ హౌస్, లింకన్ స్మారకం చూపించి, పక్కనే ఉన్న వియత్నాం యుద్ధ స్మారకాన్ని పది నిమిషాల్లో దాటేస్తాం. దానికొక గంట కేటాయించమని మిత్రులకు మా మనవి.

యుద్ధ స్మారకమంటే గుర్రం మీద సేనాపతి, చేతిలో కత్తి, కింద విజయగాథ మనకు గుర్తుకొస్తాయి. ఈ గోడ మీద అవేమీ కనిపించవు. నేలలోకి దిగిన రెండు నల్ల గ్రానైట్ గోడలు, ఒక్కొక్కటి సుమారు 247 అడుగుల పొడవు. చివర్లలో జానెడు ఎత్తు. రెండూ కలిసే మూలలో పదడుగులు. వాటి నిండా 58,000కు పైగా పేర్లు. హోదాలు లేవు, అకారాది క్రమం లేదు. ప్రాణాలు పోయిన తేదీల వరుసే క్రమం. ఒకేరోజు కూలినవాళ్ళు ఇక్కడా పక్కపక్కనే ఉన్నారు. వరుస మూలలో మొదలై కుడిగోడ చివరిదాకా సాగి, ఎడమగోడ చివర మళ్ళీ అందుకుని, తిరిగి మూలకే చేరుతుంది. అలా తొలి మరణమూ తుది మరణమూ ఒకచోట కలుస్తాయి.

ఆ రాయి మన బెంగళూరు ప్రాంతం నుంచి వచ్చింది. అద్దంలా నునుపు చేశారు గనుక పేర్ల మధ్య చూసేవారి ముఖం కనిపిస్తుంది.

1981లో జరిగిన పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. న్యాయనిర్ణేతలకు పేర్లు తెలియనివ్వలేదు, అంకెలే ఇచ్చారు. గెలిచింది యేల్‌లో చదువుతున్న 21 ఏళ్ళ మాయా లిన్. తల్లిదండ్రులు చైనా నుంచి వచ్చి ఒహాయోలో పాఠాలు చెప్పిన ఆచార్యులు. ఫలితం తెలిశాక కొందరు మాజీ సైనికులు, నాయకులు మండిపడ్డారు. నలుపు అవమానమన్నారు, విగ్రహం లేదన్నారు. ఆమె జాతిని ఎత్తిచూపినవారూ ఉన్నారు. రాజీగా ఫ్రెడరిక్ హార్ట్ చెక్కిన ముగ్గురు సైనికుల విగ్రహాన్ని 1984లో దగ్గర్లో నిలిపారు. 1982 నవంబరు 13న అంకితమైన గోడ మాత్రం ఆమె తలచినట్టే నిలిచింది.

ఈ దేశపు దుఃఖం గురించి మాట్లాడే హక్కు వలస వచ్చినవారి బిడ్డకుందా? రేపు మన పిల్లలకూ ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. గోడకు కాగితం ఆనించి, పెన్సిలుతో రుద్ది, కొడుకు పేరును ఇంటికి తీసుకెళ్ళిన తల్లులే దానికి జవాబు చెప్పారు. ఆ యుద్ధం న్యాయమో కాదో గోడ తేల్చదు. ఎవరు తిరిగి రాలేదో చెబుతుంది.

ప్రవేశం ఉచితం. రాత్రిపూట కూడా చూడవచ్చు. పిల్లల్ని తప్పక తీసుకెళ్ళండి.