మౌత్ ఆర్గాన్‌కి చెవే గురువు

"నీకు చెవి లేదే!" అన్నాడు మా అన్నయ్య. అప్పటికి నాకు 9 ఏళ్లు.

ఆ రోజుల్లో సంగీతం మేష్టారు ఇంటికొచ్చి నాకు సరళీ వరుసలు చెప్పేవారు. చాప మీద కూర్చుని, తొడ మీద తాళం వేసుకుంటూ స రి గ మ ప ద ని స అప్పజెప్పేదాన్ని. ఒకరోజు అన్నయ్య కాలేజీకి వెళ్లడం చూసి, సొరుగులో దాచుకున్న వాడి మౌత్ ఆర్గాన్ తీశాను. గంటసేపు కుస్తీ పడితే 'స' దొరికింది. ఆ పక్కనే 'రి' అనుకుని పీల్చానా, అది మేష్టారు చెప్పిన 'రి' కాదు! 'గ', 'మ', 'ప' సరిపోయాయి. 'ద' దగ్గర మళ్లీ తేడా కొట్టింది.

సాయంత్రం వాడు రాగానే "అన్నయ్యా, ఇది పాడైపోయింది" అన్నాను. వాడు తీసుకుని ఓ సినిమా పాట టకటకా వాయించేసి, నవ్వుతూ ఆ మాట అన్నాడు.

సరదాకి అన్నదే. కానీ అది నా మనసులో మేకులా దిగిపోయింది. ఆ తర్వాత సంగీతం పాఠానికి కూర్చోవడానికే సిగ్గుపడేదాన్ని. ఏడాది తిరక్కుండా మానేశాను. పెళ్లిచూపుల్లో పాడమంటే "రాదండీ" అని తలొంచుకున్నాను. పిల్లలకి జోల కూడా గట్టిగా పాడలేదంటే నమ్ముతారా?

మూడేళ్ల కిందట మనవరాలి పుట్టినరోజుకి ఎవరో మౌత్ ఆర్గాన్ ఇచ్చారు. రెండు రోజులు ఊదేసి అది పక్కన పడేసింది. దుమ్ము తుడిచి బీరువాలో పెట్టబోతూ, ఇంట్లో ఎవరూ లేరు కదా అని పెదాలకి ఆనించాను. అలా మొదలైంది నా రెండో చదువు.

కంటికి పనిలేని వాయిద్యం

వీణకైనా హార్మోనియంకైనా మెట్లుంటాయి. గురువుగారి వేలు ఎక్కడుందో చూసి మనమూ అక్కడే వేలు పెడతాం. మౌత్ ఆర్గాన్‌తో ఆ వీల్లేదు. అది పెదాల మధ్య ఉంటుంది. మనం ఏ రంధ్రం మీద ఉన్నామో మనకే కనిపించదు. నాలుక ఎటు తిరిగిందో గురువుగారికీ కనిపించదు. సరిగ్గా వాయించామో లేదో చెప్పగలిగేది చెవి ఒక్కటే.

'4 ఊదు, 4 పీల్చు' అని కాగితం మీద అంకెలు రాసుకుని వాయించేవాళ్లు చాలామంది. మొదట్లో అది తప్పుకాదు. కానీ అంకెలకే అలవాటు పడితే కాగితం పోయిన రోజున పాటా పోతుంది. 

అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్‌కి పసితనంలోనే చూపు పోయింది. 1963లో 13 ఏళ్ల వయసులో ఆయన హార్మోనికా వాయిస్తూ పాడిన 'ఫింగర్‌టిప్స్' ఆ దేశపు పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. 'షోలే' (1975)లో రాధ దీపాలు ఆర్పుతుంటే అమితాబ్ మౌత్ ఆర్గాన్ వాయించే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. తెర వెనక దాన్ని వాయించింది భానూ గుప్తా.

రంధ్రాల లెక్క

నేర్చుకోడానికి 10 రంధ్రాల చిన్న హార్మోనికా మంచిది. లోపల హార్మోనియంలో లాంటి రీడ్లు 20 ఉంటాయి. ఒక్కో రంధ్రంలో ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకో స్వరం. అంచు మీద 'సి' అని ఉంటే 4వ రంధ్రం ఊదినప్పుడు వచ్చేదే మన 'స'.

స: 4 ఊదు. రి: 4 పీల్చు.
గ: 5 ఊదు. మ: 5 పీల్చు.
ప: 6 ఊదు. ద: 6 పీల్చు.
ని: 7 పీల్చు. పై స: 7 ఊదు.

చివర్లో చూశారా? 7వ రంధ్రం దగ్గర వరుస తిరగబడింది. 'ద' తర్వాత మళ్లీ పీల్చాలి. కొత్తవాళ్లంతా తడబడేది అక్కడే. ఇంకోమాట, కింది స్థాయిలో 'మ', 'ద' మామూలుగా ఊదితే పీలిస్తే రావు. అందుకే మొదట 4 నుంచి 7 వరకే సాధన చెయ్యండి.

తప్పు చెవిది కాదు!

ఈ వరుస రాసుకుని వాయిస్తుండగా నా చిన్ననాటి చిక్కుముడి విడిపోయింది. మనకి సరళీ వరుసలు నేర్పేది మాయామాళవగౌళ రాగంలో. అందులో ఉండేవి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. మౌత్ ఆర్గాన్‌లో ఉండేది శంకరాభరణం వరుస. దాని రిషభం, ధైవతం చతుశ్రుతివి, అంటే అర స్వరం ఎక్కువ. మిగిలిన స్వరాలన్నీ రెండు రాగాల్లోనూ ఒక్కటే.

అంటే 'రి' దగ్గరా, 'ద' దగ్గరా తేడా ఉందని 9 ఏళ్ల పిల్ల చెవి సరిగ్గానే పట్టింది! మౌత్ ఆర్గాన్ పాడవలేదు, చెవీ పాడవలేదు. ఆ సంగతి తెలిసిన రోజు వంటింట్లో గట్టు పట్టుకుని కాసేపు అలా నిలబడిపోయాను.

స్వరాల తేడా అసలు పట్టలేని వాళ్లు నూటికి నలుగురికి మించి ఉండరని పరిశోధకుల అంచనా. మీకు తెలిసిన పాటలో ఎవరైనా అపస్వరం పలికితే మీ మొహం చిట్లుతుందా? అయితే చెవి ఉన్నట్టే. దానికి కావలసింది అలవాటు.

రోజుకి పావుగంట

1. శ్రుతి కలపడం: ఫోన్‌లో తంబురా పెట్టుకుని 'సి'కి, అంటే ఒకటో శ్రుతికి కలపండి. ఒక నిమిషం ఊరికే వినండి. తర్వాత 4వ రంధ్రం మెల్లగా ఊదండి. పూర్తిగా కలిస్తే రెండూ ఒకే ధ్వనిగా ఉంటాయి. కాస్త తేడా ఉంటే అలల్లా ఊగుతున్నట్టు వినిపిస్తుంది. ఆడవాళ్లు మామూలుగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు. గొంతుతో కలిపి సాధన చెయ్యాలనుకుంటే ఐదో శ్రుతిదైన 'జి' హార్మోనికా కొనుక్కుంటే హాయిగా ఉంటుంది. రంధ్రాల లెక్క మారదు.

2. ముందు గొంతు, తర్వాత వాయిద్యం: 'స' వాయించి, ఆపి, 'ప' గొంతుతో అనండి. అప్పుడు 6వ రంధ్రం ఊది సరిచూసుకోండి. ముందే వాయించేస్తే చెవికి పని తప్పిపోతుంది.

3. స్వరాల దాగుడుమూతలు: ఇంట్లో పిల్లలుంటే మరీ సరదా. వాళ్లు ముందు 'స' వినిపించి, తర్వాత స, గ, ప లలో ఏదో ఒకటి వాయించాలి. మీరు కళ్లు మూసుకుని చెప్పాలి. పదికి తొమ్మిది సరిగ్గా చెప్పాక మిగతావి కలపండి. చిన్న కిటుకు: స, గ, ప ఊదే స్వరాలు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నట్టు నిలకడగా ఉంటాయి. రి, మ, ద, ని పీల్చే స్వరాలు. గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడ్డ చుట్టంలా, ఇంకా ఎటో వెళ్లాలన్నట్టుంటాయి.

4. ఒక్క స్వరం మార్చడం: స రి గ ప ద స వాయించండి. అది మోహనం. ఇప్పుడు 'గ' తీసేసి దాని బదులు 'మ' పెట్టండి, అంటే 5 ఊదే చోట 5 పీల్చండి. అది శుద్ధ సావేరి. పప్పులో చింతపండు బదులు మామిడికాయ వేసినట్టు మొత్తం రుచే మారిపోతుంది. పది రోజులు ఈ రెండూ మార్చి మార్చి వినండి.

5. వచ్చిన పాట: గమకాలు ఎక్కువ లేని లాలిపాటో, మంగళహారతో ఎంచుకోండి. కూనిరాగం తీస్తూ, పాట ఎక్కడ వాలి స్థిమితపడుతోందో గమనించండి. చాలా పాటల్లో అదే 'స'. దాన్ని 4 ఊదు దగ్గర పెట్టుకుని మొదటి రెండు మాటలే వెతకండి. రోజుకి ఒక్క చరణం చాలు. తప్పు పోతే కాగితం వెతక్కండి, మళ్లీ పాడుకోండి.

స్వరాన్ని వంచడం

కొన్నాళ్లకి ఇంకో విద్య పట్టుబడుతుంది. పీల్చేటప్పుడు నాలుక వెనక భాగాన్ని కాస్త కిందికి దించి, గాలి దారి మారిస్తే స్వరం కిందికి వంగుతుంది. 4 పీల్చి అర స్వరం వంచితే శుద్ధ రిషభం, 6 పీల్చి అర స్వరం వంచితే శుద్ధ ధైవతం. ఎంత వంచాలో రంధ్రం చెప్పదు, అంకె చెప్పదు. చెవిలో ఆ స్వరం ముందే మోగుతుంటేనే నోరు అక్కడికి వెళ్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది. గట్టిగా పీలిస్తే రాదు సరికదా, రీడు పాడవుతుంది. వరసకి జంట రీడ్లుండే పెద్ద మౌత్ ఆర్గాన్‌లో ఈ విద్య కుదరదు. 

జాగ్రత్తలు

ఏదైనా తిన్న వెంటనే వాయించకండి. నోరు పుక్కిలించి మొదలుపెట్టండి. అయ్యాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద నాలుగుసార్లు తట్టి, తడి ఆరాకే పెట్టెలో పెట్టండి. లోపల చెక్క ఉన్న రకమైతే నీళ్లలో కడగొద్దు, ఉబ్బిపోతుంది. ఒకరి ఎంగిలి ఒకరు వాడకుండా పిల్లలకి వేరేగా కొనివ్వడం మంచిది.

మొన్న సంక్రాంతికి అన్నయ్యకి ఫోన్ చేశాను. మాటల మధ్యలో "ఒక్క నిమిషం విను" అని సరళీ వరుస మొదటిది వాయించాను, మాయామాళవగౌళలోనే. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఆ 'రి' మౌత్ ఆర్గాన్‌లో ఉండదే... ఎలా తెచ్చావే?" అన్నాడు.

"అప్పుడు పాడైపోయిందన్నానే, ఆ 'రి'యే అన్నయ్యా ఇది" అన్నాను.