కయాక్ మూత: ఏది కుట్టుకోవచ్చు, ఏది కూడదు

అశోక్ నగర్ అపార్ట్‌మెంట్లో సముద్ర కయాక్ ఉంచుకోవడమే పెద్ద తంటా. దాదాపు అయిదు మీటర్ల పొడవు. లిఫ్టులో పట్టదు, సెల్లార్లో కార్లవాళ్లు ఒప్పుకోరు. చివరికి ప్రహరీ గోడ పక్కన పడుంటుంది. ఒక్క గట్టి వాన పడితే కూర్చునే గుంత నిండిపోతుంది. ఆ బరువు పడవకు మంచిది కాదు, ఆ నీరు డెంగీ దోమకు మహా ఇష్టం.

అందుకే ముందు గుంతకు మూత కావాలి. ఇది ఇంట్లో కుట్టుకోదగ్గదే. పాత న్యూస్‌పేపర్ గుంత మీద పరిచి, అంచు వెంట పెన్సిల్‌తో గీయండి. చుట్టూ మూడంగుళాలు ఎక్కువ వదిలి కత్తిరించండి. రెగ్జిన్ వద్దు, మన ఎండకు పగుళ్లిస్తుంది. పీవీసీ పూత వేసిన నైలాన్ గుడ్డ మేలు. నూలు దారం చివికిపోతుంది కాబట్టి పాలిస్టర్ దారమే వాడాలి. గుడ్డ మందం కనుక ఇంటి మిషన్ మొరాయిస్తే, చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో బండి సీట్లకు కవర్లు కుట్టేవాళ్లకు ఇవ్వండి. అంచు మడిచి, లోపల లాగుల్లో వేసే ఎలాస్టిక్ కాకుండా గట్టి రబ్బరు తాడు దూర్చాలి. మధ్యలో వంచిన ప్లాస్టిక్ పైపు ఒకటి నిలబెడితే నీళ్లు మూత మీద నిలవకుండా జారిపోతాయి. కారు మీద కట్టుకెళ్లేటప్పుడు మూతను పడవకు తాడుతో ముడేయడం మరవొద్దు, గాలికి ఎగిరిపోతుంది.

పడవకు తొడుగు సొంతంగా వేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. కృష్ణ మీద పుట్టి నడిపేవాళ్లు వెదురు అల్లికకు ఒకప్పుడు తోలు తొడిగేవాళ్లు, తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, తారు వచ్చాయి. అసలు కయాక్ కూడా ఆర్కిటిక్ వేటగాళ్లు సీల్ చర్మం కప్పి చేసుకున్నదే.

స్ప్రే స్కర్ట్ సంగతి వేరు. అది నడుముకు తొడుక్కుని గుంత అంచుకు బిగించేది, అలలు లోపలికి రాకుండా. పడవ బోర్లా పడితే నీళ్లలో తలకిందులుగా ఉన్న మనిషి, కళ్లకు ఏమీ కనబడకపోయినా, ముందున్న పట్టీ ఒక్క లాగు లాగితే అది ఊడిరావాలి. బిగువు కాస్త ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. నన్నడిగితే, దీన్ని మాత్రం కొనుక్కోండి.

సామాను అరల మూతలు ఈ రెంటికీ మధ్యస్థం. లోపల గాలి ఉంటేనే పడవ తేలుతుంది. ఎండకు పగిలిన రబ్బరు మూత స్థానంలో నియోప్రీన్ షీటు వేసి, దానిపై గట్టి పలక పెట్టి బెల్టుతో బిగించవచ్చు. నీళ్లలోకి దిగేముందు అరలో పొడి న్యూస్‌పేపర్ పెట్టి మూసి, పైన పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టండి. తీసి చూస్తే, కాగితం తడిసిన చోటే కారుతున్న చోటు చెబుతుంది.