ఇటుకల రైలు: పెద్దల ఆటలో దాగిన లెక్కలు

రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకల డబ్బా కొనేవాళ్ళంతా పిల్లల కోసమే కొంటారనుకోనక్కరలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో ఆ ఇటుకలతో రైళ్ళు, లారీలు, క్రేన్లు కట్టే పెద్దలు ప్రపంచమంతటా ఉన్నారు. మన నగరాల్లోనూ ఉన్నారు. వీళ్ళ మాటలు వింటే ఆట గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండదు. రైలు పెట్టె వెడల్పు ఆరు బుడిపెలు ఉండాలా, ఎనిమిదా? కరెంటు పట్టాల నుంచి రావాలా, బ్యాటరీ నుంచా? జిగురు పెట్టవచ్చా, కూడదా? ఒక్కొక్కరిది ఒక్కో అభిప్రాయం. ఎవరూ ఓ పట్టాన తగ్గరు. అయితే ఈ వాదనల్లో చాలావరకు కేవలం ఇష్టాయిష్టాలకు సంబంధించినవి కావు. వాటి వెనుక జ్యామితి ఉంది, ఘర్షణ ఉంది, విద్యుత్తు ఉంది, ప్లాస్టిక్ స్వభావం ఉంది.

8 మిల్లీమీటర్ల ప్రపంచం

డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మల తయారీ మొదలుపెట్టారు. అదే తర్వాత లెగో సంస్థ అయింది. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ప్లాస్టిక్ ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకు అతుక్కుంటుంది. ఇందుకు కారణం కొలతలు మారకపోవడమే. ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకు 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలచని ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లు. అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక ఇటుక. ఐదు ప్లేట్లు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ఈ చిన్న లెక్క తెలిసినవారు ఇటుకలను పక్కకు తిప్పి, తలకిందులు చేసి కూడా బిగించగలరు. రైలింజను ముక్కు భాగాన్ని నున్నగా తీర్చేది ఈ పద్ధతిలోనే.

ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి కారణం వాటి ప్లాస్టిక్. 1963 నుంచి ఏబీఎస్ అనే పదార్థం వాడుతున్నారు. ఇందులోని అక్రిలోనైట్రైల్ బిగువునిస్తుంది. రబ్బరు గుణమున్న బ్యుటాడైన్ విరగకుండా కాపాడుతుంది. స్టైరీన్ మెరుపునిస్తుంది. బుడిపె లోపలికి దిగేటప్పుడు కింది గొట్టం, గోడలు వెంట్రుకవాసి వంగుతాయి. తిరిగి మామూలు స్థితికి రావాలని అవి చేసే ఒత్తిడే పట్టుగా మారుతుంది.

రెండు వరుసల్లో ఎనిమిది బుడిపెలుండే ఒకే రంగు ఇటుకలు ఆరింటిని ఎన్ని రకాలుగా కలపవచ్చు? కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కకట్టి చెప్పిన సంఖ్య 91,51,03,765. ఇన్ని దారులున్నప్పుడు అభిప్రాయ భేదాలు రావడంలో వింత లేదు.

గేజు దగ్గరే తిరకాసు

లెగోలో విద్యుత్ రైలు 1966లో వచ్చింది. దాని పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. ఐరోపాలో వాడే 1,435 మిల్లీమీటర్ల గేజుతో పోలిస్తే ఇది 38వ వంతు. మన బ్రాడ్‌గేజ్ అంతకన్నా వెడల్పు, 1,676 మిల్లీమీటర్లు. అంటే మన రైలుకు ఇది దాదాపు 45వ వంతు.

ఇప్పుడు ఒక ఎల్‌హెచ్‌బీ పెట్టెను తీసుకుందాం. హైదరాబాద్, న్యూఢిల్లీ మధ్య నడిచే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో కనిపించేవి ఇవే. దాని పొడవు 23.54 మీటర్లు, వెడల్పు 3.24 మీటర్లు. 45వ వంతుకు కుదిస్తే వెడల్పు 72 మిల్లీమీటర్లు, అంటే 9 బుడిపెలు. పొడవు 52 సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవై పెట్టెల రైలు కడితే పదిమీటర్ల పైనే. మామూలు ఇంటి హాలులో ఇది పట్టదు. ఇటుకల ఖర్చు కూడా అందుబాటులో ఉండదు.

అందుకే ఆరు, ఎనిమిది అనే రెండు పక్షాలు. ఆరు బుడిపెల వెడల్పు మొదటి నుంచీ వస్తున్న సంప్రదాయం. అప్పుడు మన పెట్టె అసలులో 67వ వంతు అవుతుంది. తక్కువ ఇటుకలు చాలు, రైలు తేలికగా పరుగెడుతుంది. కానీ పట్టాలు మాత్రం 45వ వంతులోనే ఉంటాయి కాబట్టి రైలు సన్నగా, పట్టాలు వెడల్పుగా కనిపిస్తాయి. ఎనిమిది బుడిపెలైతే దాదాపు 50వ వంతు. కిటికీలు, తలుపులు, పైకప్పు వంపు అన్నీ చూపించడానికి చోటు దొరుకుతుంది. అనుభవమున్న పెద్దల్లో చాలామంది ఎనిమిది వైపు మొగ్గేది ఇందుకే.

కార్ల విషయంలో చిక్కు మరో రకం. ఇటుకల మనిషి బొమ్మ ఎత్తు 4 సెంటీమీటర్లు. ఎత్తును బట్టి చూస్తే నిజమైన మనిషిలో 42వ వంతు. కానీ చేతులతో కలిపి వెడల్పు చూస్తే ఆ బొమ్మ చాలా బొద్దు. ఎత్తు ప్రకారం కారు కడితే వెడల్పు 5 బుడిపెలు వస్తుంది, అందులో ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టలేం. 2020లో స్పీడ్ ఛాంపియన్స్ కార్లను ఆరు నుంచి ఎనిమిది బుడిపెల వెడల్పుకు పెంచాకే వాటిలో రెండు సీట్లు పక్కపక్కన కుదిరాయి.

మలుపులో తేలే అసలు సంగతి

జనం వాడుకలో బోగీ అంటే రైలు పెట్టె. రైల్వే ఇంజనీర్ల భాషలో మాత్రం బోగీ అంటే పెట్టె కింద చక్రాలను మోసే చట్రం. ఒక్కో పెట్టెకు ఇవి రెండుంటాయి. ఎల్‌హెచ్‌బీ పెట్టెలో ఆ రెండింటి కేంద్రాల మధ్య దూరం 14.9 మీటర్లు. 50వ వంతు నమూనాలో ఇది దాదాపు 30 సెంటీమీటర్లు.

మామూలుగా దొరికే ఇటుకల పట్టాల మలుపు వ్యాసార్థం 40 బుడిపెలు, అంటే 32 సెంటీమీటర్లు. పదహారు ముక్కలు కలిపితే పూర్తి వృత్తం. భారతీయ రైల్వే బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్థం 175 మీటర్లు. దాన్ని 50వ వంతుకు కుదిస్తే మూడున్నర మీటర్లు. అంటే బొమ్మ మలుపు అసలుకన్నా పదకొండు రెట్లు బిగువు.

ఫలితం ఏమిటో పైథాగరస్ సూత్రమే చెబుతుంది. పూర్తి పొడవు పెట్టె ఆ మలుపులో నిలబడితే దాని నడుము పట్టాల మధ్యరేఖ నుంచి దాదాపు 37 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది. పెట్టె సగం వెడల్పే 32 మిల్లీమీటర్లు. అంటే నడుము దగ్గర పట్టాల మధ్యరేఖ పెట్టె కిందే ఉండదు! పక్క లైన్లో నిలిపిన బండికి తగులుతుంది, ప్లాట్‌ఫాం అంచును గీస్తుంది. బోగీలను దగ్గరికి జరిపితే నడుము సర్దుకుంటుంది గానీ కొసలు బయటికి ఊగి, రెండు పెట్టెల మధ్య కొక్కెం ఊడిపోతుంది.

ఇక్కడే రెండు రకాల మనుషులు తేలతారు. మొదటివారు పెట్టెను పొట్టిగా కడతారు. కిటికీ పరిమాణం, కిటికీల మధ్య ఎడం మార్చకుండా వాటి సంఖ్య తగ్గిస్తారు. చూసేవారి కన్ను నిష్పత్తులను గమనిస్తుంది గానీ కిటికీలను లెక్కపెట్టదని వీరి నమ్మకం. రెండోవారు పొడవు తగ్గించడానికి ఒప్పుకోరు. చిన్న తయారీదారులు అమ్మే పెద్ద వ్యాసార్థపు పట్టాలు కొంటారు, లేదా త్రీడీ ప్రింటర్‌తో చేసుకుంటారు. వీరి రైలు ఇంట్లో తిరగదు. ప్రదర్శనల్లోనే పరుగెడుతుంది. నడిచే రైలు కావాలా, నిఖార్సైన రైలు కావాలా అన్నది ముందే తేల్చుకోకపోతే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతాయి.

బరువు, పట్టు, కరెంటు

సికింద్రాబాద్ దగ్గరి లాలాగూడ షెడ్డులో కనిపించే డబ్ల్యూఏపీ-7 ఇంజను బరువు 123 టన్నులు, శక్తి 6,350 హార్స్‌పవర్. పొడవు 50వ వంతైతే బరువు కూడా 50వ వంతు అవుతుందనుకోవడం సహజం. కానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు 50ని మూడుసార్లు గుణించిన లెక్కన, అంటే 1,25,000వ వంతుకు పడిపోతుంది. 123 టన్నుల ఇంజను కిలోకన్నా కాస్త తక్కువ తూగుతుంది.

ఈ బరువు ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. చక్రం లాగగల బలం, దాని మీద పడే బరువుకు ఘర్షణ గుణకాన్ని హెచ్చిస్తే వచ్చేదాన్ని దాటదు. డబ్ల్యూఏపీ-7లో ఆరు ఇరుసులకూ మోటార్లున్నాయి. బొమ్మ ఇంజనులో సాధారణంగా ఒక బోగీలోని రెండు ఇరుసులకే. అందుకే బ్యాటరీ డబ్బాను సరిగ్గా మోటారు బోగీ పైన కూర్చోబెట్టాలంటారు అనుభవజ్ఞులు. చక్రాలకు రబ్బరు పట్టీలు తొడిగేదీ జారకుండా ఉండటానికే.

మలుపులో మరో ఇబ్బంది. బయటి పట్టా పొడవు లోపలి పట్టాకన్నా దాదాపు 12 శాతం ఎక్కువ. అసలు రైలుకు 175 మీటర్ల మలుపులో ఈ తేడా ఒక్క శాతమే. దాన్ని సర్దడానికి నిజమైన చక్రం అంచును కొద్దిగా ఏటవాలుగా చేస్తారు. బొమ్మ రైల్లో ఒకే ఇరుసుకు రెండు చక్రాలు బిగించి ఉంటే ఏదో ఒకటి ఈడ్చుకుపోక తప్పదు. మలుపుల్లో బొమ్మ రైలు నీరసించేది అందుకే.

వేగం మీద కూడా పట్టింపులున్నాయి. గంటకు 130 కిలోమీటర్ల వేగాన్ని 50వ వంతుకు తెస్తే సెకనుకు 72 సెంటీమీటర్లు. అంతకు మించి తోలితే రైలులా కాక ఎలుకలా కనిపిస్తుందన్నది పాతకాపుల ఎగతాళి.

కరెంటు విషయంలో వాదన ఇంకా తెగలేదు. 1991 నుంచి 9 వోల్టుల విద్యుత్తు రెండు లోహపు పట్టాల గుండా వచ్చేది. 2006లో బ్యాటరీ రైళ్ళు వచ్చాయి. ఇప్పుడు ఫోనుతో కూడా నడపవచ్చు. లోహపు పట్టాల అభిమానులు, తమ రైలు ఛార్జింగు కోసం ఆగదని, బ్యాటరీ మోయనక్కరలేదని అంటారు. కానీ రైలు గిరుక్కున తిరిగి అదే దారిలో వెనక్కి వచ్చేలా పట్టాలు వేస్తే, ప్లస్ పట్టా పోయి మైనస్ పట్టాతో కలుస్తుంది. షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ప్లాస్టిక్ పట్టాల మీద నడిచే బ్యాటరీ రైలుకు ఈ బెడద లేదు. ఎలా కావాలంటే అలా పట్టాలు పరచుకోవచ్చు.

జిగురు పెట్టడం ఎందుకు తప్పు?

చెక్క, లోహం, కార్డుబోర్డుతో చేసే నమూనాల్లో జిగురు మామూలే. పుణెలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం లాంటి చోట్ల చూసే చిన్న రైళ్ళ కళ వేరు, దాని అందం వేరు. ఇటుకల వారిలో ఎక్కువమంది మాత్రం జిగురును అంగీకరించరు. ఇటుకకున్న విలువంతా ఊడదీసి మళ్ళీ కట్టగలగడంలోనే ఉందని వారి వాదన. ఈ రోజు ఇంజను రేపు లారీ కావచ్చు. కట్టి, నడిపి, ఎక్కడ తప్పిందో చూసి, విప్పి మళ్ళీ కట్టడమే ఇంజనీరు చేసే పని కూడా.

ప్లాస్టిక్‌కు ఆయుష్షు ఎక్కువ. సముద్రంలో పడిన లెగో ఇటుకలు 100 నుంచి 1,300 ఏళ్ళ దాకా నిలవవచ్చని బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో అంచనా వేశారు. ఒకసారి కట్టి జిగురు పెట్టి, విసుగొచ్చాక పారేసే వస్తువు కాదిది. చేతులు మారుతూ తరాలు నడవాలి. మన ఎండలకు మాత్రం జాగ్రత్త అవసరం. అతినీలలోహిత కిరణాలకు ఏబీఎస్ పసుపు పచ్చబడుతుంది. కిటికీ పక్కన తెల్లటి వందే భారత్ పెడితే కొన్నేళ్ళకు దాని రంగు మారిపోతుంది.

ఖర్చు, ఒక ప్రత్యామ్నాయం

మన దేశంలో ఈ అభిరుచికి పెద్ద అడ్డంకి ధర. బొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దేశీయ తయారీకి ఇది ఊతమని ప్రభుత్వ ఉద్దేశం. విదేశీ సెట్లు కొనేవారికి భారమే. అయితే ఇటుక మీద మొదటి పేటెంట్ల కాలం ఎప్పుడో తీరింది. వేరే కంపెనీలు కూడా దీనికి సరిపోయే ఇటుకలు చేస్తున్నాయి. వాటిని వాడవచ్చా అన్నది మరో తెగని వాదన. కొనేముందు రెండు ముక్కలు బిగించి, పట్టు చూసి తేల్చుకోవడం మేలు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలపై బీఐఎస్ గుర్తు తప్పనిసరి కాబట్టి అదీ చూడాలి.

ఒక్క ఇటుకా కొనకుండా మొదలుపెట్టే దారి కూడా ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో ఎల్‌డ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రూపొందించారు. ఆయన 1997లో చనిపోయినా ఔత్సాహికులు దాన్ని ఇప్పటికీ పెంచి పోషిస్తున్నారు. కంప్యూటర్‌లోనే పెట్టె కట్టి, ఎన్ని ముక్కలు కావాలో లెక్క తీసి, ఆ తర్వాత కొనుక్కోవచ్చు.

కట్టాల్సినవి మన చుట్టూ చాలా ఉన్నాయి. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 నుంచి తయారు చేసిన నీలం పెట్టెల నిర్మాణం 2018లో ఆగిపోయింది. వాటి స్థానంలో ఎల్‌హెచ్‌బీలు వస్తున్నాయి. కొన్ని తరాలవారిని ఊళ్ళు చేర్చిన ఆ పెట్టెలు ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. వాటి కిటికీ ఊచల మధ్య ఎడం ఎంతో, మెట్లు నేలకు ఎంత ఎత్తులో ఉంటాయో కొలిచి రాసుకోవడానికి ఇప్పుడైతే ఇంకా వీలుంది. ప్లాట్‌ఫాం మీద బండి ఆగి ఉన్న కొద్ది నిమిషాల్లో ఒక ఫొటో తీసి, లెక్కకట్టి, 8 మిల్లీమీటర్ల గళ్ళ కాగితం మీద గీసుకుంటే చాలు. మొదటి పెట్టె సగం కట్టినట్టే.